ప్చుం బెన్ రోజుల్లో కంబోడియా వెళ్తే: తెల్లవారుజామున వాట్‌లో ఎలా మెలగాలి

కంబోడియా టూర్ అనగానే మనవాళ్ల ప్లాన్ దాదాపు ఒకేలా ఉంటుంది. ఆంగ్‌కోర్ వాట్ దగ్గర సూర్యోదయం, చెట్ల వేళ్లు గోడల్ని పట్టేసిన తా ప్రోమ్, రాతి ముఖాల బాయోన్, సాయంత్రం ఆ పక్కనే ఉన్న సియెమ్ రీప్ ఊరి బజారు, మర్నాడు ఫ్లైట్. ఇవన్నీ చూడాల్సినవే. కాకపోతే సెలవులు మీ చేతిలో ఉంటే మాత్రం భాద్రపద బహుళంలో పెట్టుకోండి. మనం మహాలయ పక్షం అని పెద్దలను తలుచుకునే ఆ పదిహేను రోజులే ఖ్మేర్లకు, అంటే కంబోడియావాళ్లకు, ప్చుం బెన్. బెన్ అంటే మన పిండమే. ఏడాది పొడవునా టూరిస్టులకు కనిపించే కంబోడియా వేరు, ఈ పక్షంలో తెల్లవారుజామున నాలుగింటికి ఓ పల్లె వాట్‌లో, అంటే బౌద్ధ ఆరామంలో, కనిపించే కంబోడియా వేరు. అక్కడికి అతిథిగా ఎలా వెళ్లాలో, ఏం పట్టుకెళ్లాలో, ఎక్కడ కూర్చోవాలో చెప్పడానికే ఇదంతా.

"పితృపక్షంలో విహారయాత్ర ఏమిటి" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు, అననివ్వండి. అమావాస్య నాడు ఇంట్లో తద్దినం పెట్టాల్సింది మీరే అయితే అది మానుకుని వెళ్లమని నేను చెప్పను. మొదటి పది రోజుల్లో వెళ్లి వచ్చేయండి. తెలంగాణ వాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది: పెత్రమాస నాడు అక్కడుంటే ఇక్కడ ఎంగిలిపూల బతుకమ్మ పోతుంది.

తేదీలు ఇలా లెక్కపెట్టుకోండి

ఖ్మేర్ పంచాంగంలో ఈ నెల పేరు ఫొత్రొబొత్, అంటే భాద్రపదం. పౌర్ణమి మర్నాటి నుంచి పద్నాలుగు రోజులు కాన్ బెన్, పదిహేనో రోజు అసలు ప్చుం బెన్. మన మహాలయ అమావాస్యకు ఒక రోజు అటో ఇటో అవుతుంది. 2024లో అక్టోబర్ 2న రెండూ ఒకే రోజు వచ్చాయి. 2026లో మహాలయ అమావాస్య అక్టోబర్ 10న. అక్కడ ప్చుం బెన్ సెలవులు అక్టోబర్ 10 నుంచి 12 వరకు. మనకు అధిక మాసం వేర్వేరు నెలలకు రావచ్చు. వాళ్లు మాత్రం ఎప్పుడూ ఆషాఢాన్నే రెండుసార్లు చేస్తారు. ఆ తేడాతో కొన్నేళ్లలో తేదీలు దూరం కావచ్చు, అందుకని టికెట్ బుక్ చేసే ముందు ఆ ఏడాది కంబోడియా ప్రభుత్వ సెలవుల జాబితా ఒకసారి చూసుకోండి.

ప్చుం బెన్ చుట్టూ మూడు రోజులు దేశమంతా సెలవు. మన సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టు రాజధాని నామ్ పెన్ ఖాళీ అవుతుంది. బస్సు టికెట్లు దొరకవు, చార్జీలు పెరుగుతాయి, చాలా షాపులు మూసేస్తారు. ఆటో నడిపేవాళ్లు కూడా సొంతూళ్లకు పోతారు. కాబట్టి నా సలహా: ఆ పక్షం మధ్యలో, కాన్ బెన్ రోజుల్లో వాట్‌కు వెళ్లండి. జనం తక్కువగా ఉంటారు, మీతో మాట్లాడే ఓపిక అక్కడివాళ్లకు ఉంటుంది. ఆఖరి రోజు రద్దీ చూడాలనే సరదా ఉంటే రెండు మూడు రోజులు ఎక్కువ ఉండేలా పెట్టుకోండి.

ప్రయాణం సంగతి క్లుప్తంగా చెప్తాను. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్, కౌలాలంపూర్ లేదా సింగపూర్ మీదుగా వెళ్లొచ్చు. ముప్పై రోజుల టూరిస్టు వీసాను ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. విమానం ఎక్కే ముందు ఈ-అరైవల్ ఫారం కూడా నింపాలి. 2025లో థాయ్ సరిహద్దులో జరిగిన ఘర్షణల తర్వాత రోడ్డు దారిని లెక్కలో పెట్టుకోకపోవడమే మంచిది. సియెమ్ రీప్ కొత్త ఎయిర్‌పోర్టు 2023లో తెరిచారు, అది ఊరికి బాగా దూరం. దిగగానే పది నిమిషాల్లో హోటల్‌కు చేరిపోతామని అనుకోకండి. అది వానాకాలం కూడా. గొడుగు, మడమ దగ్గర పట్టీ ఉన్న చెప్పులు, చిన్న టార్చి లైటు తప్పకుండా పెట్టుకోండి. ఆ టార్చి ఎందుకో కిందకి వస్తే తెలుస్తుంది.

ఏ వాట్ ఎంచుకోవాలి

పేరున్నవి చాలా ఉన్నాయి. నామ్ పెన్‌లో నది ఒడ్డున వాట్ ఊనలోమ్, గుట్ట మీద వాట్ ఫ్నోమ్, సియెమ్ రీప్‌లో వాట్ బో, వాట్ దమ్నాక్. పగలు వీటిని చూసి రండి. తెల్లవారుజామున కార్యక్రమానికి మాత్రం ఊరి బయట, బియ్యపు చేల మధ్య ఉండే చిన్న వాట్‌నే పట్టుకోండి. పెద్ద వాట్‌లో మీరు కెమెరా పట్టుకున్న వందమందిలో ఒకరు. చిన్న వాట్‌లో ఎవరో ఒక ముసలమ్మ మీ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంటుంది.

అలాంటి చోటు దొరకాలంటే హోటల్లో పనిచేసేవాళ్లను అడగండి. "మీ ఊరి వాట్ ఏది, మీ వాళ్ల వంతు ఏ రోజు" అంటే చాలు. పక్షంలో ఒక్కో రోజు ఒక్కో వాడవాళ్లు లేదా కొన్ని కుటుంబాలు కలిసి వంతు తీసుకుంటారు. ఆ రోజు భిక్షువుల భోజనం, దీపాలు, పిండాల పని వాళ్లదే. ఒకరి వంతు రోజున వాళ్ల వెంట వెళ్తే మీరు చుట్టం కింద లెక్క. ఆటో అతన్ని ముందు రోజు రాత్రే మాట్లాడి పెట్టుకోండి. తెల్లవారుజామున మూడున్నరకు యాప్‌లో బండి దొరుకుతుందని నమ్ముకోవద్దు.

బట్టలు, నమస్కారం, నాలుగు మాటలు

తెల్ల చొక్కా లేదా తెల్ల జాకెట్టు, కింద మోకాళ్లు పూర్తిగా కప్పేది ఏదైనా. చీర కట్టుకుంటే ఎవరూ ఏమీ అనరు, ఆడవాళ్లు మెచ్చుకుంటారు కూడా. కాకపోతే మోకాళ్లు ఒక పక్కకు మడిచి గంటసేపు కింద కూర్చోవాలి, బురదలో నడవాలి. అది చూసుకుని కట్టుకోండి. భుజాలు కనిపించకూడదు. టోపీ, చెప్పులు విహారం (వాట్‌లో బుద్ధుడి విగ్రహం ఉండే ప్రధాన మందిరం) మెట్ల దగ్గరే వదిలేయాలి.

వాళ్ల నమస్కారాన్ని సంపెయా అంటారు. మనలాగే రెండు చేతులు జోడించడమే, కానీ చేతులు ఎంత ఎత్తులో ఉన్నాయన్న దాన్ని బట్టి గౌరవం. తోటివాళ్లకు గుండె దగ్గర, పెద్దవాళ్లకు నోటి దగ్గర, తల్లిదండ్రులకు గురువులకు ముక్కు దగ్గర, భిక్షువులకు కనుబొమల దగ్గర, బుద్ధుడికి నుదుటి దగ్గర. అన్నీ గుర్తుండకపోతే ముసలివాళ్లకూ భిక్షువులకూ చేతులు కాస్త పైకెత్తి తల వంచండి, సరిపోతుంది. ఎక్కువైనా ఎవరూ తప్పుపట్టరు, తక్కువైతేనే చూస్తారు.

"జుమ్ రియప్ సువా" అంటే మర్యాదగా పలకరించడం. "ఓర్ కున్" అంటే ధన్యవాదాలు. ఎవరైనా పిలిస్తే, ఏదైనా అడిగితే మగవాళ్లు "బాత్" అనాలి, ఆడవాళ్లు "చా" అనాలి. ముసలమ్మను "యెయ్" అని, తాతను "తా" అని, మీకంటే కొంచెం పెద్దవాళ్లను "బోంగ్" అని పిలవండి. వరసలు కలిపి పిలవడం మనకు కొత్తేమీ కాదు కాబట్టి ఇది తెల్లవాళ్ల కంటే మనకే తొందరగా వస్తుంది.

ఆడవాళ్లు భిక్షువును తాకకూడదు, చేతికి చెయ్యి తగిలేలా ఏదీ ఇవ్వకూడదు. భిక్షువు ముందు ఒక గుడ్డ పరుస్తాడు, దాని మీద పెట్టాలి. కాళ్లు బుద్ధుడి వైపు చాపకూడదు. చిన్నపిల్లలు ముద్దొచ్చినా తల నిమరొద్దు.

ముందు రోజు బజారులో

మధ్యాహ్నం లోపే బజారుకు వెళ్లండి. తామర మొగ్గలు కట్టలుగా అమ్ముతారు. పూలమ్మే ఆవిడ ఒక్కో పైరేకను వేళ్లతో లోపలికి మడుస్తూ పోతుంది. ఆకుపచ్చ మొగ్గ చూస్తుండగానే గులాబీ రంగు గిన్నెలా విచ్చుకుంటుంది. అలా మడిచినవే కొనండి. వాటితోపాటు అగరొత్తులు, కొవ్వొత్తులు, రెండు రకాల పండ్లు.

డబ్బు కూడా ఇక్కడే మార్చుకోవాలి. దేశంలో డాలర్లు చెల్లుతాయి, చిరిగిన నోటు మాత్రం ఎవరూ తీసుకోరు. వాట్‌లో మాత్రం చిన్న రియెల్ నోట్లు కావాలి. డాలరుకు సుమారు 4,000 రియెల్ వస్తాయి. 500, 1,000 రియెల్ నోట్లు ఒక కట్ట తీసుకోండి. ఎన్ని చోట్ల పెట్టాలో అక్కడికి వెళ్లాక మీకే తెలుస్తుంది.

ఈ పండగకు ప్రత్యేకమైన పిండివంటలు రెండు. నోమ్ అన్సోమ్ అంటే జిగురు బియ్యం, పెసరపప్పు, పంది మాంసం కలిపి అరిటాకులో పొడుగ్గా చుట్టి గంటల తరబడి ఉడికించింది. నోమ్ కోమ్ అంటే జిగురు బియ్యపు పిండిలో కొబ్బరి, తాటిబెల్లం పూర్ణం పెట్టి గోపురంలా ఆకులో మడిచింది. శాకాహారులు రెండోది నిశ్చింతగా తినొచ్చు. అన్సోమ్‌లో అరటిపండు పెట్టిన రకం కూడా ఉంది, "అన్సోమ్ చేక్" అని అడగండి. విడిగా భోజనానికి "మ్హోప్ బువొస్" అంటే శాకాహారమని అర్థమవుతుంది. అలా చెప్పినా చేపల సాసు పడిందేమో ఒకసారి అడగండి.

ఇంకో పని. ఒక కాగితం మీద మీ ఇంట్లో పోయినవాళ్ల పేర్లు రాసుకోండి. ఖ్మేర్ కుటుంబాలు అలా జాబితా తెస్తాయి, భిక్షువులు వాటిని చదువుతారు. హోటల్లో ఎవరినైనా అడిగి ఆ పేర్లు ఖ్మేర్ లిపిలో రాయించుకుంటే పలకడం తేలిక. వేంకట సుబ్రహ్మణ్య శాస్త్రి వంటి పేరైతే కాస్త కుదించండి పాపం. గోత్రం ఎవరూ అడగరు. కొడుకే చేయాలన్న పట్టింపు లేదు. కూతురు, కోడలు, మనవరాలు, స్నేహితుడు, ఎవరైనా చేయొచ్చు. మన దగ్గర పిండం పెట్టే అధికారం లేదన్న మాట విని విసిగిపోయిన ఆడపిల్లలకు ఈ ఒక్క సంగతి కోసమైనా ఈ ప్రయాణం చేయమని చెప్తాను.

తెల్లవారుజాము: బాయ్ బెన్

అసలు ఘట్టం ఇదే, కాబట్టి ఎందుకు చేస్తారో తెలుసుకుని వెళ్లండి. ఈ పదిహేను రోజులు యముడు నరకం తలుపులు తెరుస్తాడని వాళ్ల నమ్మకం. ప్రేతాలు ఆకలితో తమ వాళ్లను వెతుక్కుంటూ వస్తాయి. కొన్నింటి నోరు సూది బెజ్జమంత. వెలుగు పడదు, అందుకే చీకటి ఉండగానే పెట్టాలి. ఏడు వాట్‌లు తిరిగినా తమ పేరున ఎవరూ ఏమీ పెట్టలేదని తెలిస్తే శపిస్తాయట. అందుకే కొందరు పక్షంలో ఏడు వాట్‌లకు వెళ్లడం నియమంగా పెట్టుకుంటారు. మీరు ఒకదానికి వెళ్తే చాలు.

మూడున్నర, నాలుగింటికల్లా అక్కడ ఉండండి. మైకులో పాళీ సూత్రాలు వినిపిస్తుంటాయి. ముందు రాత్రే ఆడవాళ్లు వాట్‌లోని సత్రంలో కూర్చుని జిగురు అన్నంలో నువ్వులు కలిపి నిమ్మకాయంత ఉండలు చుట్టి పెడతారు, అవే బాయ్ బెన్. అన్నం, నువ్వులు అనగానే మనకు పరిచయమైన సంగతే. ముందు రోజు సాయంత్రమే వెళ్లగలిగితే వాళ్లతో కూర్చుని మీరూ నాలుగు ఉండలు చుట్టండి. చేతికి నీళ్లు తడుపుకోకపోతే అన్నం వేళ్లకు అంటుకుని వదలదు.

చెప్పులు విప్పి, విహారం లోపలికి వెళ్లి బుద్ధుడికి మూడుసార్లు వంగి దండం పెట్టండి. అగరొత్తులు వెలిగించండి. తర్వాత అందరూ పళ్లెంలో ఉండలు, ఒక కొవ్వొత్తి పట్టుకుని బయటికి వస్తారు. ముందు నడిచే తెల్లబట్టల పెద్దమనిషిని ఆచార్ అంటారు. ఆయన భిక్షువు కాదు, పూజ నడిపించే గృహస్థు. ఏ సందేహం వచ్చినా ఆయన్నే చూడండి, ఆయన చేసినట్టు చేయండి. విహారం కుడిచేతి వైపు ఉండేలా, అంటే మన ప్రదక్షిణలాగే, మూడుసార్లు తిరుగుతారు. తిరుగుతూ ఒక్కో ఉండ తీసుకుని చీకట్లోకి, గోడల పక్కకి, గడ్డిలోకి విసురుతారు. విసిరేటప్పుడు పోయినవాళ్ల పేరు మనసులో అనుకోండి. పేరు తెలియని వాళ్ల కోసం కూడా ఒక ఉండ వేయడం వాళ్ల అలవాటు.

అమావాస్య దగ్గరయ్యే కొద్దీ చీకటి చిక్కగా ఉంటుంది. నేల మీద అన్నం, బురద, వాన నీళ్లు. జారకుండా టార్చి కిందకి తిప్పి నడవండి. మనుషుల ముఖాల మీదకీ, గడ్డిలోకీ వెయ్యకండి. వెలుగు చూసి ప్రేతాలు వెనక్కి పోతాయన్నది వాళ్ల నమ్మకం. అదే కారణంతో ఫోటో ఫ్లాష్ కూడా వద్దు. విసిరిన అన్నం కుక్కలు, కోళ్లు, తెల్లారాక చీమలు తినేస్తాయి. కాకి ముట్టలేదని కంగారు పడే మనలాంటి టెన్షన్ అక్కడ లేదు. అన్నం వృథా అని కొన్ని వాట్‌లలో విసరనివ్వరు, పళ్లెంలోనో బుట్టలోనో పెట్టమంటారు. అలా చెప్పిన చోట అలాగే చేయండి, వాదన పెట్టుకోవద్దు.

పొద్దుటి భోజనం, పేర్ల చదువు

తెల్లారాక ఒక్కో కుటుంబం అరల క్యారేజీలతో దిగుతుంది. మన స్టీలు క్యారేజీలే, నాలుగైదు గిన్నెలు. పులుసు, కూర, వేపుడు, అన్నం, పండ్లు. సత్రంలో భిక్షువుల ముందు చాపల మీద అన్నీ పరుస్తారు. ఒక పక్క బల్ల మీద భిక్షాపాత్రలు వరసగా పెట్టి ఉంటాయి. ఒక గిన్నెలో అన్నం పట్టుకుని వరసలో నిలబడి, ఒక్కో పాత్రలో ఒక్కో గరిటె వేసుకుంటూ పోవాలి. పక్కనే ఒక చిన్న నోటు. ఇరవై పాత్రలుంటే ఇరవై గరిటెలు, ఇరవై నోట్లు. నిన్న చిల్లర ఎందుకు తీసుకోమన్నానో ఇప్పుడు అర్థమవుతుంది. మీ దగ్గర అన్నం లేకపోతే పక్కవాళ్లు వాళ్ల గిన్నెలో చెయ్యి పెట్టనిస్తారు, మొహమాటపడకండి.

మీ పేర్ల కాగితం ఆచార్‌కు ఇవ్వండి. ఒక కవరులో 10,000 లేదా 20,000 రియెల్ పెట్టి దాంతోపాటు ఇస్తే మర్యాదగా ఉంటుంది. ఇంత ఇవ్వాలని ఎవరూ అడగరు. భిక్షువులు చదువుతున్నంతసేపు చేతులు జోడించి కూర్చోవాలి. ఆఖరున కొందరు చిన్న పాత్రలోంచి మరో పాత్రలోకి నీళ్లు సన్నగా ధారగా పోస్తారు. పుణ్యం పోయినవాళ్లకు చేరాలని. మన తర్పణం చూసినవాళ్లకు దీన్ని వివరించాల్సిన పని లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. 1975 నుంచి 1979 జనవరి దాకా సాగిన ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టుల పాలనలో దాదాపు 17 లక్షల మంది చనిపోయారు. భిక్షువుల చేత కాషాయం విప్పించారు, వాట్‌లను గోదాములుగా, జైళ్లుగా మార్చారు. ఎంతోమందికి తమవాళ్లు ఏ రోజు పోయారో, ఎక్కడ పోయారో నేటికీ తెలియదు. తిథి తెలియనివాళ్లకు మహాలయ అమావాస్య నాడు పెట్టడం మనకూ ఉంది. అక్కడ అలాంటి పేర్లు దాదాపు ప్రతి జాబితాలోనూ ఉంటాయి. పక్కన కూర్చున్న పెద్దావిడను "మీవాళ్లు ఎలా పోయారు" అని అడగకండి. ఆవిడే చెప్తే వినండి. ఏడుస్తున్న మనిషిని ఫోటో తీయొద్దని వేరే చెప్పాలా?

భిక్షువులు మధ్యాహ్నం పన్నెండు దాటితే తినరు కాబట్టి వడ్డన అంతా ఆ లోపే అయిపోతుంది. వాళ్లు తిన్నాక మిగిలింది అందరూ కలిసి తింటారు, మిమ్మల్నీ పిలుస్తారు. వద్దనకండి. మాంసం తినకపోతే అన్నం, పండ్లు, నోమ్ కోమ్ తీసుకుని నవ్వుతూ "ఓర్ కున్" అనండి.

మర్నాడు ఆంగ్‌కోర్‌లో ఒక్క గోడ

ఇంత చూశాక ఆంగ్‌కోర్ వాట్‌కు వెళ్తే ఆ గుడి వేరేలా కనిపిస్తుంది. పన్నెండో శతాబ్దం మొదటి సగంలో రెండో సూర్యవర్మ విష్ణువు కోసం కట్టించింది, తర్వాత బౌద్ధుల చేతికి వచ్చింది. టికెట్ ఒక రోజుకు 37 డాలర్లు, మూడు రోజులకు 62, వారానికి 72. నా మాట వింటే మూడు రోజులది తీసుకోండి. సాయంత్రం అయిదు ప్రాంతంలో కొంటే ఆ పూట సూర్యాస్తమయం చూసి, మర్నాటి నుంచి లెక్క మొదలవుతుంది. గుడి నడిమి శిఖరం మీదికి ఎక్కాలంటే భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. బౌద్ధ పర్వదినాల్లో ఆ పైభాగం మూసేస్తారు కాబట్టి అమావాస్య, పౌర్ణమి, అష్టమి రోజులు తప్పించి వెళ్లండి.

జనమంతా పాల సముద్ర మథనం ఉన్న తూర్పు గోడ దగ్గర గుమిగూడతారు. మీరు ముందు దక్షిణపు గోడ తూర్పు సగానికి వెళ్లండి. దాదాపు 60 మీటర్ల పొడవున స్వర్గాలు, నరకాలు చెక్కారు. పైన పల్లకీల్లో వెళ్లేవాళ్లు, కింద జుట్టు పట్టి ఈడ్చుకుపోయే భటులు. మధ్యలో ఎన్నో చేతులతో దున్నపోతు మీద యముడు, ఆ పక్కనే తీర్పు చెప్తూ చిత్రగుప్తుడు. 32 నరకాలకు పేర్లు కూడా గోడ మీదే రాసి ఉన్నాయి. నిన్న తెల్లవారుజామున అన్నం ఉండ అందుకున్నవాళ్లు ఏ తలుపు దాటి వచ్చారో ఇక్కడ బొమ్మలతో సహా ఉంది. గైడు ఈ గోడను రెండు నిమిషాల్లో దాటించేయబోతాడు, ఆగమని చెప్పండి.

ఆఖరి రోజు దాకా ఉండేవాళ్లకు ఇంకో మాట. నామ్ పెన్‌కు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, కందాల్ రాష్ట్రంలో విహియర్ సువోర్ అనే ఊరుంది. ప్చుం బెన్ చివర అక్కడ దున్నపోతుల పందేలు జరుగుతాయి. కొమ్ములకు రంగు గుడ్డలు చుట్టి, జీను లేకుండా కుర్రాళ్లు ఎక్కి పరుగెత్తిస్తారు. పొద్దున్నే మొదలై ఎండ ముదిరే లోపే అయిపోతుంది కాబట్టి ఆరింటికల్లా నామ్ పెన్ నుంచి బయల్దేరండి. తాడు కట్టిన గీతకు వెనకే నిలబడండి, పోతులకు ఆ గీత కనిపించదు. తిరుగు ఫ్లైట్ అదే రోజు సాయంత్రానికి పెట్టుకోవద్దు. సొంతూళ్లకు వెళ్లినవాళ్లంతా సెలవులు ముగిసి వెనక్కి వచ్చేటప్పుడు నామ్ పెన్ దారులన్నీ కార్లు, మోటారుసైకిళ్లతో గంటల తరబడి నిలిచిపోతాయి.